ఫోనో అని రాసి ఉన్నచోట

కూతురు ఫోన్‌ని తండ్రి చెవి దగ్గర పెట్టింది.

ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

ఫోన్‌లో ఉన్నది అమ్మ గొంతు. నిరుడు ఆస్పత్రి మంచం మీంచి రికార్డు చేసి పంపిన పదకొండు కబుర్లు. పదకొండోది పంపిన మర్నాడే ఆమె కన్నుమూసింది.

ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ఉన్న ఆ పెద్దాయన వేలెత్తి గోడవైపు చూపించాడు. అక్కడ పాత స్టీరియో రిసీవర్ ఉంది. దానికి అటూ ఇటూ నడుమెత్తు స్పీకర్లు. పెళ్లైన కొత్తలో మొగుడూ పెళ్లాం ముచ్చటపడి కొనుక్కున్నది. ఇప్పుడాయనకు చూపు మసక, చెవులు మందం. ఏదైనా వినబడితే ఆ స్పీకర్లలోంచే వినబడాలి.

డాక్టరు వారం రోజులన్నాడు. ఆ వారంలోగా నాన్నకి అమ్మ మాట వినిపించాలి. కూతురికి అంతకు మించిన కోరికేమీ లేదు.

మెకానిక్‌ని పిలిపించింది.

"కొత్త ఫోన్లకీ పాత పెట్టెలకీ సంబంధాలు కలపడమే నా వృత్తి. నేను కుదిర్చింది ఒక్కటీ తప్పిపోలేదు" అన్నాడతను.

అగ్గిపెట్టంత బ్లూటూత్ డబ్బీ తీసి, దాని రెండు పిన్నుల్నీ రిసీవర్ వెనక, బయటి పరికరాలు తగిలించేందుకని ఆక్స్ అని రాసి ఉన్నచోట గుచ్చాడు.

"ఇక పెట్టండి."

ఆమె ఫోన్ నొక్కింది.

స్పీకర్లలో బరబరా గుడ్డ చింపినట్టు చప్పుడు. అందులో అమ్మ మాట ఒక్కటీ తెలియలేదు. పెద్దాయన ఉలిక్కిపడి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"లోపల ఏదో పోయిందమ్మా. సామాను తెప్పించాలి, పది రోజులు పడుతుంది."

"అన్ని రోజులు లేవండీ."

అప్పుడే ఆక్సిజన్ సిలిండర్ మార్చి లేస్తున్న ముసలాయన నోరు విప్పాడు. రోజు విడిచి రోజు వస్తాడాయన. ఆ వయసులో అంత బరువేమిటో పాపం అని మొదట్లో జాలిపడింది కూతురు. కానీ పనైపోయాక కూడా కదలడు. మంచం పక్కన నిలబడి చూస్తూ ఉంటాడు. జాలి కాస్తా విసుగైంది.

"అమ్మాయ్, ఆ పిన్నులు ఫోనో అని రాసి ఉన్నచోట పెట్టించండి."

మెకానిక్ నవ్వాడు.

"పిలవని పేరంటమంటే ఇదే. ఫోనో అంటే గ్రామఫోన్ తగిలించే చోటు తాతా. అక్కడ ఇంకేది పెట్టినా శబ్దం ఇలాగే చిరిగిపోతుంది. ఈ పనిలో మొదటిరోజు నేర్పే పాఠమది."

"మిగతా పెట్టెలకి నిజమే. దీనికి కాదు."

"మీకెలా తెలుసు?" కూతురు అడిగింది.

ముసలాయన మంచంవైపు చూశాడు. పెద్దాయన కళ్లు తెరవలేదు.

"తెలుసమ్మా. ఒక్కసారి పెట్టి చూడండి."

"స్పీకర్లు కాలిపోతే నువ్వు తెచ్చిస్తావా?" అన్నాడు మెకానిక్.

"మీ పనైంది కదా. ఇక వెళ్లండి" అంది కూతురు ముసలాయనతో.

మూడోనాడు మళ్లీ వచ్చినప్పుడు ముసలాయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"అయిదు నిమిషాలివ్వండి. నేనే మారుస్తాను."

ఆమె మూడు రాత్రులుగా నిద్రలేదు. ఒంట్లో ఓపికా లేదు, మనసులో సహనమూ లేదు.

"మీ ఆక్సిజన్ షాపుకి ఫోన్ చేసి చెప్పమంటారా?"

ముసలాయన మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"వద్దమ్మా" అన్నాడు.

స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేసుకున్నాడు. పెద్దాయన పాదాల మీద దుప్పటి సర్ది, ఖాళీ సిలిండర్ మోసుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన పోయాడు. ఏమీ వినకుండానే పోయాడు.

పదిహేను రోజుల తర్వాత మెకానిక్ తన డబ్బీ తీసుకెళ్లడానికి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోలేక రిసీవర్ మూత విప్పి చూశాడు. చూసి, లోపలి తీగల వెంట వేలు పోనిచ్చాడు.

"ఏమైందండీ?"

"ఎవరో తీగలు తారుమారు చేశారమ్మా. గ్రామఫోన్ వైరు పొట్టిదై అందలేదేమో, దాని లోపలి తీగల్ని దగ్గరగా ఉన్న ఆక్స్‌కి మార్చేశారు. ఆక్స్ తీగల్ని తీసుకెళ్లి ఫోనోకి పెట్టారు. పైన రాత మాత్రం అలాగే ఉంచేశారు. టంకం చాలా పాతది, మీరు పుట్టకముందుదై ఉంటుంది. మార్చిన మనిషికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీల్లేదు."

పిన్నులు తీసి ఫోనోలో గుచ్చాడు. ఆమె ఫోన్ నొక్కింది.

"ఏవండీ, అన్నం తిన్నారా?"

అమ్మ గొంతు గదంతా నిండింది. ఎదురుగా ఖాళీ మంచం. కూతురు నేలమీద కూలబడి ఏడ్చింది. మెకానిక్ తల దించుకుని నిలబడ్డాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం.

కాస్త తేరుకున్నాక ఆక్సిజన్ షాపుకి ఫోన్ చేసింది.

"మాకు సిలిండర్ తెచ్చే ముసలాయనతో మాట్లాడాలండీ. క్షమించమని అడగాలి."

"మా దగ్గర ముసలివాళ్లెవరూ లేరమ్మా. ఉండండి, వ్యాన్ డ్రైవర్‌కి ఇస్తాను."

డ్రైవర్ నసుగుతూనే చెప్పాడు.

"ఆయన మా మనిషి కాదండీ. మీ వీధి మొదట్లో కాపుకాసేవాడు. మీ ఇంటి సిలిండర్ ఒక్కటి మాత్రం తనే మోస్తానని బతిమాలేవాడు. డబ్బులు సరే, ఇప్పిస్తే టీ కూడా తాగేవాడు కాదు."

"ఎందుకని మీరు అడగలేదా?"

"అడిగానండీ. 'తమ్ముడిగా నా గడప తొక్కొద్దని మా అన్నయ్య ముప్పై ఏళ్ల కింద ఒట్టు పెట్టాడు, సిలిండర్లు మోసేవాడిగా వెళ్తే ఒట్టు తప్పినట్టు కాదుగా' అన్నాడు."