నడిరోడ్డు విందు

చేపల లారీ ఎల్‌.బి.నగర్ చౌరస్తాకు అల్లంత దూరంలోనే ఆగిపోయింది.

"ఇంక కదలదండి. తెలంగాణ బందంట. దిగి మీ దారి మీరు చూసుకోండి," అన్నాడు డ్రైవరు.

త్రినాథరావు దిగాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. జేబులో పైసా లేదు. రాత్రి కాస్త గాలి పీల్చుకుందామని బయటికొచ్చినవాడు, కైకలూరు రోడ్డు మీద పంక్చరు వేసుకుంటున్న ఈ లారీని చూశాడు. ఎందాకా అని అడిగాడు. హైదరాబాదన్నాడు డ్రైవరు. అంతే, ఎగిరి ఎక్కేశాడు. నలభై ఆరేళ్ళొచ్చినా ఆ ఊరి మొహం చూసి ఎరగడు మరి.

బామ్మర్ది గౌతమ్ ఫోన్ చేశాడు.

"బావా, ఎక్కడ చచ్చావ్?"

"హైదరాబాదులో."

అవతల గౌతమ్ గుసగుసగానే అరిచాడు.

"మతిగాని పోయిందా? నీ దుప్పట్లో ముసుగుతన్ని నేనెంతసేపని పడుకోను? రేపు పొద్దున పదింటికి పెద్దాళ్ళొస్తున్నారు. అప్పటికి నువ్వు లేకపోతే మన పరువు కొల్లేట్లో కలిసిపోద్ది!"

"వచ్చేస్తాలేరా. నువ్వు మాత్రం ముసుగు తియ్యకు."

వచ్చేద్దామంటే బస్సులేవీ? సాయంత్రం దాకా చక్రం కదలదన్నారు. కాలుకాలిన పిల్లిలా ఒకచోట తిరిగేకంటే ఊరు చూడ్డం మేలని దిల్‌సుఖ్‌నగర్ వైపు నడక మొదలెట్టాడు.

లారీలు తిరగాల్సిన రోడ్డు మీద పిల్లకాయలు ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడుతున్నారు. "అంకుల్, బాల్!" అని అరిస్తే విసిరాడు. వికెట్‌కు తగిలింది. అవుటైనవాడు తప్ప అందరూ చప్పట్లు కొట్టారు. కొత్తపేటలో మూసిన పళ్ళ మార్కెట్ గేటు సందుల్లోంచి కమలాల వాసన వచ్చి మీద పడింది. చైతన్యపురిలో హాస్టలు బాల్కనీల నుంచి ఆడపిల్లలు అతని ఉత్తికాళ్ళు చూసి కిసుక్కుమన్నారు. కోపం రాలేదు సరికదా, తనూ నవ్వాడు.

ఒకచోట సగం దించిన షట్టరు కింద నుంచి ఒక చెయ్యి చాయ్ గ్లాసు బయటపెట్టింది.

"డబ్బుల్లేవండి," అన్నాడు త్రినాథరావు.

"నేనడిగిన్నా? తాగు. జర జల్ది, షట్టర్ దించాలె."

మొహం కూడా చూపించని మనిషి పోసిన ఆ చాయ్ గొంతు దిగుతుంటే త్రినాథరావు కళ్ళు చెమర్చాయి. పిల్లనిచ్చినవాళ్ళు కూడా ఇంత మర్యాద చెయ్యలేదనిపించింది. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి ఊరు మీద మనసు పడిపోయింది.

అక్కడ నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, వాటి మీద గంగాళాలు. బగారన్నం ఘుమఘుమలు. జనం బారులు తీరి కూర్చుని తింటున్నారు. త్రినాథరావు కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి.

గరిటె పట్టుకున్న పెద్దావిడ దగ్గరికెళ్ళి, "పెళ్ళాండి? మీరు ఆడపెళ్ళివారా?" అన్నాడు.

ఆకులు పరుస్తున్న ఆటో డ్రైవర్ బక్కయ్య ఫక్కున నవ్వాడు. "పెండ్లే అన్నా! నలభై ఏండ్ల సంది ముహూర్తమే కుదుర్తలేదు."

అంతలో వెనక నుంచి "జై తెలంగాణ!" అని వందగొంతుల కేక లేచింది. బందుకు రోడ్డు ఆపి, ఆ రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు ఇదేనని త్రినాథరావుకు అప్పుడు వెలిగింది. చేతిలోకి తీసుకున్న విస్తరాకు మెల్లగా కింద పెట్టేశాడు.

"ఏందే తమ్మీ, మీది ఆంధ్రనా?" అంది గరిటె పట్టుకున్న పెంటమ్మ.

"అవునండి."

నలుగురైదుగురు తలలు తిప్పారు.

"అయితేంది, కూసో. నువ్వు నాలుగు ముద్దలు తింటే మా తెలంగాణ ఆగుతదా?"

కూర్చున్నాడు. మొదటి ముద్ద మాత్రం అటూ ఇటూ చూసి నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత చెయ్యీ నోరూ ఒకటే పరుగు. బగారన్నం, ఆలుగడ్డ కూర, మీద పచ్చిపులుసు. వడ్డించేవాడు ముందుకెళ్తే వెనక్కి పిలిచాడు.

"ఎన్ని దినాలైందే తిని?" అన్నాడు బక్కయ్య.

త్రినాథరావుకు పొలమారింది. పెంటమ్మ నెత్తిన తట్టి నీళ్ళందించింది.

ఇంతలో టీవీ కెమెరా భోజనాల బంతి వెంట నడుచుకుంటూ వచ్చింది. త్రినాథరావు గబాల్న భుజం మీది కండువా మొహాన కప్పుకుని, ముసుగులోనే నమలసాగాడు.

"ఇంట్ల చెప్పకుండ ఉరికొచ్చినవా?" అంది పెంటమ్మ.

"అలాంటిదేనండి."

"మీ ఆమె చూస్తే?"

"ఆవిడ చూసినా ఫర్లేదండి. ఊరు చూస్తేనే కష్టం."

పొద్దు వాలింది. పొయ్యిలార్పారు. బక్కయ్య అతన్ని ఎల్‌.బి.నగర్ దాకా ఆటోలో దింపి, బెజవాడ బస్సెక్కించి, టికెట్టుకు డబ్బులు చేతిలో పెట్టాడు. ఆటోలో తోడొచ్చిన పెంటమ్మ బగారన్నం పొట్లం ఒళ్ళో పడేసింది.

"మల్ల రా తమ్మీ. రాష్ట్రం వచ్చినంక వచ్చినా గిదే బువ్వ."

త్రినాథరావు కిటికీలోంచి తల బయటపెట్టాడు. వెలుగుతున్న దీపాల్ని, తెరుచుకుంటున్న షట్టర్లని కళ్ళారా చూసుకున్నాడు.

"ఇలాంటి ఊరిని ఎవరొదులుకుంటారక్కా?"

"మేం అంటున్నది గదేనే," అంది పెంటమ్మ.

మర్నాడు పదింటికి, 'ప్రాణాలైనా ఇస్తాం, హైదరాబాదును వదులుకోం' అన్న బ్యానరు కింద, వారం రోజులుగా మెతుకు ముట్టని సమైక్యాంధ్ర ఆమరణ దీక్షాపరుడు త్రినాథరావు, పెద్దలు నోటికందించిన నిమ్మరసం గ్లాసు అందుకోబోతూ, బగారన్నం వాసన గుప్పుమనేలా బ్రేవుమని త్రేన్చాడు.