చింతపిక్కకి గుర్తుండదు

మామిడితోపులో ఒక ఉడుత, ఒక పందికొక్కు రోజూ చింతపిక్క ఎగరేసి పందెం ఆడుకునేవి. పిక్కని ఒకవైపు రాతిమీద అరగదీస్తే తెల్లగా తేలింది, రెండోవైపు నలుపు. పందికొక్కు నోటికొచ్చిన రంగు చెప్పేది. ఉడుత మాత్రం తెలివైనవాణ్ననుకుని, పడిన ప్రతి రంగుకీ చెట్టు బెరడు మీద గీత గీసుకునేది.

ఒకరోజు వరసగా ఆరుసార్లు నలుపే పడింది.

"ఇక తెలుపు పడి తీరాల్సిందే!" అంటూ ఉడుత, వానాకాలానికి దాచిన పల్లికాయలన్నీ పందెం ఒడ్డింది.

"వద్దయ్యా," అని ఉడుత పెళ్లాం బతిమాలింది. "జరిగింది గుర్తున్నది నీకు, పిక్కకి కాదు."

"నీకేం తెలుసు, ఊరుకో!" అని కసిరింది ఉడుత.

ఏడోసారీ నలుపే పడింది. పందికొక్కు కాయలన్నీ కలుగులోకి లాక్కుపోయింది.

ముసురు పట్టింది. తొర్రలో పిల్లలు ఆకలికి కీచుమంటున్నాయి. ఉడుత బెరడు మీది గీతల్ని చూస్తూ కూర్చుంది.

"గీత గీసినప్పుడల్లా ఒక్క కాయ తెచ్చుకున్నా తొర్ర నిండిపోయేది కదే," అంది పెళ్లాంతో.

ఆ వానలోనే చేలోకి పరిగెత్తింది. పల్లికాయ పీకడం ఎప్పుడో అయిపోయింది.