మిగిలిన గాలి

"తాతా, నిద్రపోతున్నారా? నత్తలు మనల్ని దాటిపోతున్నాయి," అని పెయ్‌షాన్ అరిచింది.

ముందు సైకిల్ తొక్కుతున్న లో అనే తాత తిరిగి చూడలేదు. చెవుడు కాబోలు అనుకుంది. ఊరివాళ్లు ఎనిమిది మంది తైవాన్ దీవిని సైకిళ్ల మీద చుట్టి రావడానికి బయలుదేరి అది ఆరో రోజు. వాన, ఎదురుగాలి. అందరి ఒళ్లూ హూనమైంది.

వంతెన దగ్గర తాత ఆగి మోకాలు పట్టుకున్నాడు. వెనకే వస్తున్న వ్యాను పక్కకొచ్చింది.

"ఎక్కెయ్యండి తాతా," అన్నాడు డ్రైవరు.

"ఎక్కితే దీవి చుట్టినట్టు కాదయ్యా. ఇదివరకు వచ్చిన రెండుసార్లూ ఇక్కడే ఎక్కేశాను. ఎవరైనా కాసేపు ముందుండండి, నేను వెనక నక్కి వస్తాను."

ఎవరూ కదల్లేదు. తొందరగా చేరితే వేడి నూడుల్స్ తినొచ్చు కదా అని పెయ్‌షాన్ ముందుకెళ్లింది.

పది తొక్కులకే గాలి గోడలా అడ్డం నిలిచింది. తొడలు మండాయి, ఊపిరి అందలేదు. పొద్దుటి నుంచీ తనకు తగిలింది తాతను కొట్టగా మిగిలిన గాలే.

"ఏమే పెయ్‌షాన్, నత్తలు నవ్వుతున్నాయే," అని వరుస చివరి నుంచి స్నేహితురాలు యీటింగ్ అరిచింది.

తిరిగి చూస్తే సైకిల్ ఆగిపోతుంది. పెయ్‌షాన్ తల వంచుకుని తొక్కింది. చాలాసేపటికి, తనకే వినిపించనంత సన్నగా అడిగింది.

"తాతా, ఉన్నారా?"

"ఉన్నానమ్మా," అన్నాడు వెంటనే.

ఆయనకు చెవుడు లేదు.