మూడో జాగా

పికప్ ఆగీ ఆగకముందే గంగాప్రసాద్ భార్య చెంప మీద కొట్టాడు.

"దారి చూడమంటే నిద్రపోతున్నవా?"

సుమలత తల కిటికీ అద్దానికి తగిలింది. ఆమె పెదవి మీది నెత్తుటిని చున్నీ అంచుతో అద్దుకుంది. డ్రైవరు నర్సింగ్ స్టీరింగ్ మీదే చూపు నిలిపాడు. సమాయిల్ అనే ఊరు దాటాక కొట్టడం ఇది రెండోసారి.

గంగాప్రసాద్ ఈ అరబ్బు దేశంలో, ‘వాడి కబీర్’ అనే పేటలో ఒక గ్యారేజీకి సూపర్‌వైజరు. పెళ్లయిన తొమ్మిదేళ్లూ భార్య ఏది అడిగినా దానికి ఎదురే చేశాడు. శుక్ర, శనివారాలు సెలవని, అభయారణ్యం పక్కన ఉండి జింకలు చూద్దామని క్యారవాన్ మాట్లాడుకున్నారు. దాన్ని పికప్‌కు తగిలించుకుని తెచ్చి, అడిగిన చోట నిలబెట్టి, రెండు రోజులూ దగ్గరుండి, మళ్లీ తీసుకుపోవడం నర్సింగ్ డ్యూటీ. అతనిది జగిత్యాల.

అభయారణ్యం కంచె బయట క్యారవాన్లు దిగేందుకు మూడు జాగాలున్నాయి. నర్సింగ్ మూడూ చూపించాడు. మొదటిది గేటు దగ్గర. అప్పటికే నాలుగు కుటుంబాలు దిగి మాంసం కాలుస్తున్నాయి. రెండోది అక్కడికి చాలా దూరంలో, రాతిగుట్ట మీద. గాలి ఎక్కువ, నీడ లేదు. మూడోది ఆ గుట్ట కిందే, ఎండిన వాగు నడుమ. మెత్తటి ఇసుక, తుమ్మచెట్లు. జింకలు అటే వస్తాయి గానీ, మబ్బు పడితే మనుషులు దిగరు.

దూరపు కొండల మీద మబ్బు నల్లగా కమ్ముకుంటోంది.

"గుట్ట మీదనే ఉందాం," అంది సుమలత. "వాగుల వద్దు. నాకు భయమైతుంది."

"నిన్నెవడడిగిండు?"

"అమ్మ చెప్పింది నిజమే సార్," అన్నాడు నర్సింగ్. "ఈడ సుక్క పడకున్నా, కొండల మీద పడితే సాలు, వాగు ఒస్తది."

"ఇద్దరు కల్సి నాకు చెప్తున్నర్రా?"

గంగాప్రసాద్ పికప్ వెనక నుంచి జాకీ రాడ్డు లాగాడు. మొదటి దెబ్బ నర్సింగ్ భుజం మీద పడింది. రెండోదానికి అతను చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు దగ్గర ఏదో పటుక్కుమంది.

"కొట్టకుండ్రి! గుట్ట మీద పెట్టించుండ్రి, మీ కాళ్లు మొక్కుత!" సుమలత మధ్యలోకి వచ్చి నిజంగానే అతని కాళ్లు పట్టుకుంది.

అతను ఆమె జుట్టు పట్టి లేపి ఇసుకలోకి విసిరాడు. "వాగులనే పెట్టాలె. ఆడిదాని మాట ఇన్నోడు బాగుపడ్డడా?"

నర్సింగ్ ఒంటిచేత్తో క్యారవాన్‌ను వాగు నడుమకు తెచ్చాడు. కొక్కెం విప్పాడు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. పికప్‌ను మాత్రం గుట్ట మీదికి తోలుకుపోయాడు.

అరగంటకు క్యారవాన్‌లో గిన్నెలు ఎగిరిపడిన చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుంది. ముందు చెప్పులొచ్చి పడ్డాయి. వెనకే సుమలత. కాగే చాయ్ మీద పడి మెడంతా ఎర్రగా పొంగింది.

"గుట్ట గుట్ట అని పానం తీస్తున్నవు గదా! పో, గుట్ట మీద్నే సావు!"

లోపల గడియ పడింది.

ఆమె చెప్పులు ఏరుకుని గుట్టెక్కింది. నర్సింగ్ నీళ్ల బాటిల్ ఇచ్చాడు. మెడ మీద కొంచెం కొంచెంగా పోసుకుంది.

"చెయ్యి ఇరిగిందా అన్నా?"

"ఏమోనమ్మా. వేళ్లు ఆడుతలెవ్వు."

"అతుక్కుంటది. నాది రెండుసార్లు అతుక్కున్నది."

అప్పుడు మొదలైంది ఆ చప్పుడు. లారీలోంచి కంకర గుమ్మరించినట్టు వచ్చి, ఆగకుండా పెరిగింది. పైన వాగు వంపులో దుమ్ము లేచింది.

సుమలత గుట్ట అంచుకు పరుగెత్తింది. "బయటికి రాండ్రి! వాగు ఒచ్చింది! తలుపు తీసి ఎక్కి రాండ్రి!"

క్యారవాన్ కిటికీలో గంగాప్రసాద్ ముఖం కనిపించింది.

"మల్ల షురూ జేసినవా? వొస్తే నీ నాలుక కోస్త!"

అద్దం మూసుకుంది.

వంపు తిరిగి వచ్చినవి నీళ్లలా లేవు. బురద, బండలు, వేళ్లతో సహా పెకిలిన చెట్లు. నిలువెత్తు గోడ ఒకటి నడిచొచ్చినట్టు వచ్చి క్యారవాన్ నడుం మీద కొట్టింది. బండి గిర్రున తిరిగి గుట్ట రాళ్లకు గుద్దుకుంది. ఒక మొద్దు అద్దాన్ని పగలగొట్టుకుని లోపలికి దూసుకుపోయింది. ఆ కంతలోంచి గంగాప్రసాద్ సగం బయటికొచ్చాడు. ముఖమంతా నెత్తురు. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు.

నర్సింగ్ ఉరికాడు. నడుం లోతు బురదలో దిగి, బాగున్న చెయ్యి చాపాడు. ఇంకో రెండడుగులు వేస్తే అందేలా ఉన్నాడు.

వెనక నుంచి సుమలత రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుంది.

"పోకన్నా! నువ్వు గూడ పోతవ్!"

చొక్కా చిరిగింది. ఆమె వదల్లేదు. ఈసారి వచ్చిన బండ క్యారవాన్‌ను పల్టీ కొట్టించింది. రేకు చీలిన చప్పుడైంది. చాచిన చెయ్యి మునిగిపోయింది.

వాగు తగ్గాక, కిలోమీటరు దిగువన రేకుల ముద్ద దొరికింది. గంగాప్రసాద్ దాని కిందే ఉన్నాడు.

సుమలత పోలీసు జీపులో దుప్పటి కప్పుకుని కూర్చుంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"వాన వచ్చేలా ఉంటే వాగులో ఎందుకు దిగారు? ఆ జాగా ఎవరు ఎంచుకున్నారు?" పోలీసు హిందీలో అడిగాడు.

"ఆయనే సార్," అన్నాడు నర్సింగ్, వాచిన చెయ్యి చూపిస్తూ. "వద్దన్నందుకు నన్ను కొట్టాడు. ఆమె అయితే కాళ్లు పట్టుకుంది."

పోలీసు రాసుకున్నాడు.

మూడు రోజుల కిందట ఫోన్ చేసి, శుక్రవారం వానొస్తే మూడు జాగాల్లో వరద ముందుగా ముంచేది ఏదని తననే అడిగి తెలుసుకుని, "అయితే అది ఇంకెవ్వలికి ఇయ్యకన్నా" అన్నది సుమలతేనని నర్సింగ్ పోలీసుకు చెప్పలేదు.