రెండు నీలాల మధ్య పసుపు ఇల్లు

రెమెయ్ అత్త బాల్కనీకి ఉన్నట్టుండి ఒక అట్ట వేలాడింది. ‘ఇల్లు అమ్మబడును.’

వీధి వీధంతా నోరు తెరిచింది. అందరికంటే పెద్దగా తెరిచింది అత్త పసుపు ఇంటికి చెరోవైపు ఉన్న ఇద్దరు. కుడివైపు నీలం ఇల్లు ఫినేతాది. ఎడమవైపు నీలం ఇల్లు ఆమె తమ్ముడు బతిస్తేది.

అలా రెండు నీలాలు ఉండటమే అసలు గొడవ.

రేవు వరసలో ఒకే రంగు రెండిళ్ళకు ఎవరూ వెయ్యరు. పడవ మీద నుంచి చూసినా ఎవరి కొంప ఏదో వాళ్ళకు తెలియాలి. మూడేళ్ళ కిందట బతిస్తే పడవ అమ్మేసి ఒడ్డున కుదురుకున్నాడు. ఆ వారమే తన ఆకుపచ్చ ఇంటికి నీలం కొట్టించాడు.

“ఇది తాత రంగు. తాతలా సముద్రం మీదికి వెళ్ళింది నేను, నాకే చెందాలి,” అన్నాడు.

“తాత ఇల్లు నాకొచ్చింది. రంగు కూడా దాంతోనే వచ్చింది,” అంది ఫినేతా.

అంతే, అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు. అరవై దాటినవాళ్ళు. పంతం మాత్రం బడిపిల్లలది.

ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో రెమెయ్ అత్తే. “అత్తా, ఆవిడ పిల్లి నా చేపలు తింటోందని చెప్పు.” “అత్తా, ఆయన్ని చేపలు లోపల పెట్టుకోమను.” డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, ఈ బాల్కనీ అంచు నుంచి ఆ అంచుకు తిరిగీ తిరిగీ మోకాళ్ళు అరగదీసుకుంది.

“ఇంక నా వల్ల కాదు. సరగోసాలో కూతురి దగ్గరికి పోతా,” అని తేల్చేసింది.

ఆ మాటకు ఇద్దరూ హడలిపోయారు. తల్లి పోయాక ఎవరికి జ్వరమొచ్చినా చారు కాచి పోసింది ఈ అత్తే. ఆవిడ వెళ్ళిపోతే ఆ ఇల్లు టూరిస్టుల అద్దెల పాలే. మధ్యలో మిగిలేది వారానికో కొత్త మొహం, చక్రాల పెట్టెల గరగర.

శనివారం కొనేవాడు రానే వచ్చాడు. పేరు ఎలాదియో. మాడ్రిడ్ మనిషి. తెల్ల బూట్లు, గడ్డి టోపీ. వీధంతా కునుకు తీసే వేళకి దిగాడు.

బతిస్తే వెంటనే సుత్తి అందుకుని గోడ బాదడం మొదలెట్టాడు. ధన్! ధన్! ధన్!

“ఆహా! పనిచేసే చేతుల చప్పుడు! మాడ్రిడ్‌లో ఇది ఎక్కడ దొరుకుతుంది?” అన్నాడు ఎలాదియో.

ఫినేతా నాలుగు రోజుల నాటి ఆక్టోపస్‌లను తీగ మీద బారుగా ఆరేసింది. సముద్రపు కాకులు కూడా ముక్కు తిప్పుకుని పోయాయి.

ఎలాదియో గుండెల నిండా పీల్చాడు. “సముద్రం! అచ్చమైన సముద్రం! అమ్మా, రేపు మధ్యాహ్నం వచ్చి మాట ఖాయం చేసుకుంటాను.”

అతను వెళ్ళాక బాల్కనీల మీద ఇద్దరూ మిగిలారు.

“సుత్తి కొట్టడం కూడా చేతకాదు,” అంది ఫినేతా, గాల్లోకి చూస్తూ.

బతిస్తే అటూ ఇటూ చూశాడు. అత్త లోపలుంది. “నాతోనేనా?”

“కాదు, ఆక్టోపస్‌తో!”

“నీ కంపు మాత్రం ఏం పొడిచింది? వాడు పీల్చి పీల్చి మురిసిపోయాడు.”

“ఒరేయ్...” ఫినేతా అతని వైపు తిరిగింది. “అత్త నిజంగానే వెళ్ళిపోతుందిరా.”

బతిస్తే సుత్తి కింద పెట్టాడు. మెల్లగా అన్నాడు, “అక్కా, మనిద్దరం ఒకేసారి మొదలుపెడితే?”

ఆదివారం ఎలాదియో గడపలో అడుగు పెట్టాడో లేదో, పైన మొదలైంది.

“రంగు దొంగా!”

“రంగు వెలిసిన మొహమా!”

“నా పెళ్ళి ఫొటోలో నాలుక బయటపెట్టి నిలబడ్డావు! నలభై ఏళ్ళుగా గోడ మీద నీ నాలుకే!”

“అమ్మ చేసిన బాదం ముద్దలు మంచం కింద దూరి మింగిందెవరు?”

“నేనొక్కదాన్నేనా? డబ్బా పట్టుకుంది నువ్వు కాదూ!”

అక్కడ బతిస్తేకి నవ్వొచ్చింది. ఫినేతాకి అంతకంటే ఎక్కువ వచ్చింది. నవ్వుతూనే తిట్టుకున్నారు, కళ్ళు తుడుచుకుంటూ తిట్టుకున్నారు. ఆగాలని ఇద్దరికీ లేదు.

ఎలాదియో చెవులు మూసుకున్నాడు. “రోజూ ఇంతేనా?”

“ఆదివారం కాబట్టి తక్కువ!” ఇద్దరూ ఒకే గొంతుతో అరిచారు.

మనిషి టోపీ చేత్తో పట్టుకుని ట్రాం స్టాపు వైపు పరుగో పరుగు.

రెమెయ్ అత్త గరిటెతో బయటికొచ్చింది. “నా నోట్లో మన్ను కొట్టారు కదర్రా! అంత మంచి బేరం మళ్ళీ దొరుకుతుందా? ఆయన కోసం రొయ్యలేసి అన్నం వండాను. ఇప్పుడు సముద్రంలో పారబొయ్యనా? రండి, వచ్చి తగలడండి!”

ఇద్దరూ తలలు వంచుకుని వచ్చారు. బల్ల మధ్యలో వెడల్పాటి పెనం. పళ్ళేలు లేవు, ఎవరి వైపు నుంచి వాళ్ళు చెంచాతో తవ్వుకోవడమే. బతిస్తే చెంచా తన వాటా దాటి అక్క వైపు వెళ్ళింది. ఆమె అతని వేళ్ళ మీద ఒక్కటిచ్చి, పెద్ద రొయ్యను తనే అతని వైపు నెట్టింది.

“కిటికీల చుట్టూ తెల్ల పట్టీ వేయిస్తాలే. తేడా తెలుస్తుంది,” అన్నాడు బతిస్తే.

“నేనడిగానా? ముందు తిను,” అంది ఫినేతా.

ఇంతలో లోపల ఫోన్ మోగితే అత్త వంటింటి తలుపు దగ్గరకు వేసి ఫోన్ ఎత్తింది, అవతలి వైపు నుంచి ఎలాదియో ఆయాసపడుతూ అడిగాడు: “పిన్నీ, ఇద్దరూ ఒకే పెనంలో తింటున్నారా, లేకపోతే వచ్చే ఆదివారం కూడా కొనేవాడిలా రమ్మంటావా?”