ముళ్లపంది గుహలో వరద చుట్టాలు

గుట్ట మీది గుహలో ఒక ముసలి ముళ్లపంది ఒంటరిగా ఉండేది. తన ముళ్లకు జడిసి ఎవరూ దగ్గరికి రారని, అదే తనకు హాయని అనుకునేది.

ఒక వానాకాలం వాగు పొంగి అడవిని ముంచేసింది. పొద్దున్నే బయటికి వచ్చిన ముళ్లపందికి, కొట్టుకొస్తున్న దుంగ మీద ఒక తల్లి కుందేలూ, దాని పిల్లలు రెండూ వణుకుతూ కనిపించాయి. అది గబగబా నీళ్లలోకి దిగి, దుంగను పళ్లతో పట్టి ఒడ్డుకు లాగింది.

"వరద తీసేదాకా నా గుహలో ఉండండి. నా ఒంటికి మాత్రం తగలకండి," అంది కసురుతున్నట్టు.

పది రోజులు గుహ ఇరుకైపోయింది. పిల్లలు ముళ్లపందినే ఆనుకుని నిద్రపోయేవి. ఎక్కడ ముళ్లు గుచ్చుకుంటాయోనని ముళ్లపంది కదలకుండా పడుకునేది. తవ్వి తెచ్చిన దుంపల్లో మెత్తనివి వాటికే పెట్టేది.

పదకొండో రోజు వరద తీసింది. "నీ మేలు మరిచిపోం పెద్దమ్మా," అని కుందేలు పిల్లలతో గుట్ట దిగిపోయింది. ఉండమని అడగడం ముళ్లపందికి చేతకాలేదు.

ఆ తర్వాత దానికి తిండి సయించలేదు. పిల్లలు పక్కనే ఉన్నట్టు, ఒళ్లు కదపడానికి భయపడేది. నాలుగో రోజు సాయంత్రం ముళ్లపంది, కుందేలు ఉండే పొద దగ్గరికి వెళ్లింది.

"ఏం పెద్దమ్మా, ఇంత దూరం వచ్చావు?" అంది కుందేలు.

"ఇక్కడ నేల ఆరిందో లేదో చూద్దామని."

నేల ఎప్పుడో ఆరిపోయింది. కుందేలు ముళ్లపంది ముఖంలోకి కాసేపు చూసింది.

"ఇంకా చెమ్మగానే ఉంది పెద్దమ్మా. పిల్లలకు జలుబు చేస్తుందేమో. మళ్లీ నీ దగ్గరికే రమ్మంటావా?"

పిల్లలు అప్పటికే గుట్ట దారి పట్టాయి.