కిర్క్ లేన్ నీలి కొంగ

"దొంగ! దొంగ!"

హిలరీ సగ్డెన్ కేక స్నానశాల గోడల మధ్య ఖంగుమంది.

ఆదివారం ఉదయం. కూల్చే పనివాళ్లకు సెలవు. ఒకప్పుడు ఊరంతా ఈతకొచ్చిన కిర్క్ లేన్ స్నానశాలను ఆఖరిసారి చూసుకుందామని వచ్చిందామె. గేటు తెరిచి ఉంది.

లోపల, ఎండిపోయిన ఈతకొలను పక్కన, నిచ్చెన మీద ఒక మనిషి. చేతిలో సన్నటి ఉలి. గోడ మీది పలకలు ఒక్కొక్కటే ఊడదీస్తున్నాడు.

లీడ్స్ నగరంలో ఆ గోడను ఎరగనివాళ్లు తక్కువ. నూట ఇరవై ఏళ్ల కిందట పింగాణీ పలకలతో కూర్చిన నది, రెల్లు, నడుమ నిలువెత్తు నీలి కొంగ. హిలరీ ఈత నేర్చింది దాని కళ్లెదుటే. రిటైరయ్యాక దాన్ని కాపాడాలని సంఘం పెట్టి, సంతకాలు సేకరించి, ఆరేళ్లు లండన్ దాకా తిరిగింది. దక్కలేదు. రేపు ఆ గోడ వంతు.

ఇప్పుడు చూస్తే నది లేదు, రెల్లు లేదు. కొంగ ఒక్కటే ఉంది.

"దిగు కిందికి!"

అతను తిరిగి చూశాడు. అరవై దాటిన మనిషి. ఒంటి మీద కూల్చే కంపెనీ పసుపు కోటు.

"మెల్లగా మేడమ్, కాస్త మెల్లగా..."

"మెల్లగానా? శవం మీది నగలు ఒలుచుకునేవాడితో మెల్లగా మాట్లాడాలా?"

"ఒక్క మాట వినండి. మీరు సగ్డెన్ గారు కదూ? నేను మీకే..."

"నా పేరు కూడా తెలుసుకున్నావా! జీతం చాలక అమ్ముకుంటున్నావన్నమాట. ఎంతకు కుదిరింది బేరం?"

అతను నోరు తెరిచేలోపే ఆమె ఫోను తీసింది. పోలీసులకు చేసింది. అక్కడి బోర్డు మీది నంబరు చూసి కంపెనీ మేనేజరుకూ చేసింది.

"వాళ్లనెందుకు పిలిచారమ్మా!" అతను గబగబా నిచ్చెన దిగాడు. "నన్నెన్ని తిట్లయినా తిట్టండి. సాయంత్రం దాకా ఆగండి చాలు. కొంగ మిగిలిపోయింది."

"దాని మీద చెయ్యి పడిందంటే విరగ్గొడతాను!"

పోలీసులొచ్చారు. మేనేజరొచ్చాడు.

"ఇక్కడి నుంచి గులకరాయి కూడా బయటికి పోకూడదని సంతకం పెట్టావు కదయ్యా వెర్నన్!"

వెర్నన్ ఉద్యోగం అక్కడికక్కడే ఊడింది. అతని సంచిలోని తొమ్మిది పలకలూ మళ్లీ గచ్చు మీద పెట్టించారు.

పోలీసు కారెక్కేముందు వెర్నన్ వెనక్కి తిరిగాడు. హిలరీ వైపు కాదు, గోడ వైపు.

సోమవారం పది గంటలకు యంత్రం గోడను తాకింది. కొంగ ముక్కలు ముక్కలై కొలనులోకి రాలింది.

కంచె పట్టుకుని ఏడుస్తూనే హిలరీ అనుకుంది, "పోనీలే, దొంగ చేతికి దక్కలేదు."

మూడు వారాలకు ఒక ముసలామె వచ్చి తలుపు తట్టింది.

"నేను ఐవీని. వెర్నన్ బూత్ భార్యను."

హిలరీ మొహం గట్టిపడింది. "కేసు మాటయితే నా చేతిలో లేదు."

"కేసు ఎవరి మీదమ్మా? బుధవారం ఆయన్ని మట్టి చేశాం. గుండె ఆగింది."

హిలరీ తలుపు పూర్తిగా తెరిచింది.

"ఇల్లు ఖాళీ చేస్తున్నాను. షెడ్డులో ఆయన సామానుంది. మీరొకసారి వచ్చి చూడాలి."

షెడ్డులో నేల నుంచి కప్పు దాకా ఆపిల్ పెట్టెలు. పాత పేపర్లలో చుట్టిన పలకలు. ప్రతిదాని వెనకా వరుస నంబరు. ఆ రోజు గచ్చు మీద పెట్టించిన తొమ్మిదీ తప్ప నది మొత్తం ఉంది. రెల్లు మొత్తం ఉంది. ఒక్కటీ చిట్లలేదు.

"ఏడు ఆదివారాలు పట్టింది," అంది ఐవీ. "ముందు అంచులు తీశాడు. చెయ్యి బాగా తిరిగితే గాని కొంగను ముట్టనన్నాడు."

హిలరీ ఒక పలకను చేతిలోకి తీసుకుంది. "ఎవరికోసం... ఇవన్నీ?"

ఐవీ దగ్గరున్న పెట్టెను ఆమె వైపు తిప్పింది, దాని మీద, ఆ పక్కదాని మీద, అన్నిటి మీదా పెన్సిలుతో ఒకటే రాసి ఉంది: "సగ్డెన్ గారికి. కొంగ కూడా వచ్చాక ఇవ్వాలి."